మిరపచేను - నేలసారము - ఎరువుల లెక్క
(సంఘ వార్షిక మహాసభయందు రెండవనాటి ఉదయము చేసిన యుపన్యాసము)



నిన్నటి నుండియు విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహములయందలి దుర్వ్యయమును గూర్చియు పెద్దలు చక్కగ ప్రసంగించిరి. ఆ నిధులకు మూలమైన ధనము ఎక్కడి నుండి వచ్చుచున్నదో విచారించినచో, అందధికభాగము గుంటూరు, పల్నాడు, ప్రకాశము, ఖమ్మము జిల్లాల మిరపచేల నుండియే వచ్చుచున్నదని మన చందాల పట్టికయే చెప్పుచున్నది. మిరపకు ధర పలికిన యేట విద్యానిధి నిండును. ధర పడిన యేట కార్యదర్శిగారి యుత్తరములకు బదులైనను రాదు. కావున మిరపచేనును గూర్చి ముచ్చటించుట ఈ సభకు వెలియైన విషయము కాదని తలచి మాకీ యవకాశమిచ్చిన కార్యవర్గమునకు కృతజ్ఞులము.

మిరప ధనము నిచ్చు పైరు. ధనమును మ్రింగు పైరును అదియే. 2017వ సంవత్సరమున ధర కుప్పకూలినప్పుడు ఖమ్మము విపణియందు రైతులు ఆగ్రహించి చేసిన యలజడిని మీరెరుగుదురు. 2021లో నల్లతామర పురుగు పూతను పీల్చివేయగా, ఆంధ్ర తెలంగాణములు రెండింటను రైతులు నిలువు చేలను పీకివేసిరి. ఆ వెనుకటి రెండేండ్లు క్వింటాలు ఇరువదివేలు దాటి పలికినది. ఆ యాసతో పైరు విస్తరింపగా 2025లో ధర మరల పడిపోయి, కేంద్ర ప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయల చొప్పున విపణిప్రవేశ పథకము క్రింద లెక్క కట్టవలసివచ్చినది. వాన మన చేతిలో లేదు, పురుగు మన చేతిలో లేదు, ధర యంతకంటెను లేదు. రైతు తన యిచ్ఛతో తగ్గించుకొనగల వ్యయములలో ఎరువు ముఖ్యమైనది. దానిని తగ్గించుటయే కాదు, తగ్గించి పంటను నిలుపుకొనుటయు సాధ్యమని చెప్పుటకే మేమిచ్చట నిలిచితిమి.

మన భాషలో ఎరువను మాటకు రెండర్థములు కలవు. చేనికి వేయునది యొకటి. పరుల వద్ద బదులుగా తెచ్చుకొన్నది మరియొకటి. ఎరువుల సొమ్ము బరువుల చేటని సామెత. ఆ సామెత నగలను గూర్చి పుట్టినది కాని, నేటి మిరపచేలలో రెండర్థములును ఒక్కటైపోయినవి. అంగడివాని వద్ద అరువునకు బస్తాలు తెచ్చి, పంట అతనికే తూచి, వడ్డీ మినహాయించి మిగిలినది చేత బట్టుకొని వచ్చు రైతులు మన కుటుంబములలోనే యెందరో కలరు.

మొదట ఈ మొక్క స్వభావమును కొంచెము తెలిసికొందము. మిరప మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమున పుట్టినది. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలలో మన తీరమునకు చేరినది. అంతకు ముందు మన వంటలలో కారమనగా మిరియమే. వచ్చినది పరదేశము నుండి యైనను, కృష్ణానది కిరువైపుల నున్న నల్లరేగడిలో అది తన పుట్టినింటికంటె బాగుగ స్థిరపడినది. గుంటూరు మిరప యార్డు ఆసియాలోనే పెద్దదని పేరు గాంచినది; గుంటూరు సన్నమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. గుంటూరు చెంతనున్న లాం పరిశోధనా స్థానము నుండి జి-4, ఎల్.సి.ఎ. 334, ఎల్.సి.ఎ. 625 మొదలగు రకములు వెలువడినవి.

మిరప చేనిలో నిలుచు కాలము దీర్ఘము. శ్రావణ భాద్రపదములలో నాటిన నారు ఫాల్గుణము వరకు కాయుచునేయుండును. ఆరేడు మాసములు పూతయు, పిందెయు, పండును ఒకే చెట్టుపై నుండును. ఒక్కసారి గింజ కట్టి ఆగిపోవు వరివంటిది కాదు. కావున దానికి ఆహారము ఒక్కసారి కుమ్మరించిన చాలదు. కొంచెము కొంచెముగా, కాలమెరిగి యందింపవలయును. దాని వేరులు మెత్తనివి, నీరు నిలిచిన నోర్వవు, ఉప్పదనము నంతకంటెను ఓర్వవు. లేతమొక్క మొదట దగ్గరగా ఎరువు గుప్పించినచో ఆ యుప్పునకే వేరు మాడి మొక్క వాడిపోవును. వాడినదని తలచి మరల ఎరువు వేయువారిని మేము చూచియున్నాము.

మన పూర్వులు ఈ నేలలకు ఏమి వేసిరి? పెంటదిబ్బల యెరువు, గొర్రెలమంద, చెరువుమన్ను, పాటిమన్ను, కానుగాకు, వేపపిండి, ఆముదపుపిండి. వేసవిలో చెరువెండగానే ఒండ్రు త్రవ్వి బండ్లకెత్తుట ఊరందరి పని. కాపరులకు గింజలు కొలిచి, రాత్రులు మందను చేనిలో నిలుపుట యొక కట్టుబాటు. పెంటను మాఘమున తిరుగదీసి యెండబెట్టి, ఫాల్గుణమున చేల గోతులలో వేసి, విత్తు కాలమున చల్లవలయునని సంస్కృతమున కృషిపరాశర మను ప్రాచీన గ్రంథము విధించుచున్నది. ఎరువును మ్రగ్గనిచ్చి వేయవలయునను జ్ఞానము మనకు క్రొత్తది కాదు.

ఇట్లు చెప్పుచున్నామని, పూర్వకాలమే స్వర్ణయుగమనియు రసాయనిక ఎరువులన్నియు విషములనియు మా యభిప్రాయమని తలపవలదు. ఆ మాట చెప్పువా రిటీవల సభలలో హెచ్చుచున్నారు. చప్పట్లును హెచ్చుగనే వచ్చుచున్నవి. కాని పెంట మాత్రమే వేసిన కాలమున ఎకరమునకు పండిన పంటతో నేటి కౌలును, కూలిని చెల్లించుట అసాధ్యము. గాలిలోని నత్రజనిని బంధించి అమ్మోనియాగా మార్చు విధమును 1909లో జర్మనీ దేశీయుడు ఫ్రిట్జ్ హాబర్ కనుగొనగా, కార్ల్ బాష్ దానిని కర్మాగారమునకు తగినట్లు పెంపొందించెను. 1913లో ఉత్పత్తి ప్రారంభమయ్యెను. లోకములో నేడు తిండి తినుచున్నవారిలో అనేకులు ఆ నత్రజనికి ఋణపడియున్నారు. మొక్క వేరునకు పెంట నుండి వచ్చిన నైట్రేటును, యూరియా నుండి వచ్చిన నైట్రేటును వేరుగా తెలియదు. తెలియవలసినది మనకు: ఎంత, ఎప్పుడు, ఏ నేలకు అని.

ఇక లెక్కకు వత్తము. సభలో లెక్క చెప్పిన నిద్ర వచ్చునందురు. కాని ఈ లెక్క మీ యింటి లెక్క గనుక కొంచెము సేపు ఓర్చుకొనవలయునని మనవి.

నీటివసతి గల మిరపకు మన వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు చెప్పిన మోతాదు, ఎకరమునకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరము, 48 కిలోల పొటాష్. భాస్వరమంతయు ఆఖరు దుక్కిలో వేయవలయును. నత్రజనిని, పొటాష్‌ను నాలుగైదు దఫాలుగా పంచి వేయవలయును. ఈ యంకెలను బస్తాలలోనికి మార్చి చూతము. డి.ఎ.పి. 50 కిలోల బస్తాలో భాస్వరము నూటికి 46 పాళ్లు. అనగా 23 కిలోలు. నత్రజని నూటికి 18 పాళ్లు, 9 కిలోలు. కావున ఒక్క డి.ఎ.పి. బస్తాతో ఆ యేటి భాస్వరపు టవసరము దాదాపు తీరినది. మిగిలిన 111 కిలోల నత్రజనికి 45 కిలోల యూరియా బస్తాలు అయిదున్నర చాలును. ఒక్కొక్క బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని కలదు. పొటాష్‌కు మ్యూరియేటు 80 కిలోలు, అనగా బస్తాన్నర కంటె కొంచెము హెచ్చు. డి.ఎ.పి.కి మారుగా సింగిల్ సూపర్ ఫాస్ఫేటు మూడు బస్తాలు వేసినచో అంతే భాస్వరముతో బాటు గంధకమును, కాల్షియమును కూడ చేరును, అప్పుడు డి.ఎ.పి. నుండి వచ్చు 9 కిలోల నత్రజనికి బదులు మరియొక అరబస్తా యూరియా చేర్చుకొనవలయును. నూనెగింజలవలెనే మిరపకును గంధకము మేలు చేయునది గనుక, దొరకిన చోట మేము సూపరునే మెచ్చుకొందుము.

మొత్తము ఎనిమిది బస్తాలు. ఇప్పుడు చేలలో జరుగుచున్నదేమి? మేము గ్రామములలో తిరిగి యడిగినప్పుడు సాధారణముగ వినవచ్చు వరుస యిది: దుక్కిలో డి.ఎ.పి. రెండు బస్తాలు, నెలకు 28-28 రెండు బస్తాలు, పూతకు 20-20-0-13 రెండు బస్తాలు, కాయకు 14-35-14 ఒక బస్తా. వీనిలోని భాస్వరమును కూడుదము. 46, 28, 20, 17న్నర. మొత్తము 111న్నర కిలోలు. కావలసినది 24. నాలుగున్నర రెట్లు! ఈ వరుసను చెప్పిన రైతు, పొలమునకు భాస్వరము ఇంత చేరుచున్నదని యెరుగడు. అతడు ఎరిగినది బస్తా పేరు మాత్రమే. 2024లో డి.ఎ.పి. బస్తా 1,350 రూపాయలు. ఆ ధరకు కట్టినను ఎకరమునకు అయిదువేలకు మించిన ధనము నేలలో అక్కరలేక పడియున్నది. పదెకరముల కౌలుదారు కది యొక విద్యార్థి వసతిగృహ వ్యయము.

ఎక్కువైనచో నేలలోనే యుండును గదా, మరుసటి యేటికి పనికివచ్చును గదా యని కొంద రందురు. ఉండుట నిజమే. భాస్వరము నీటితో కొట్టుకొనిపోవునది కాదు. నల్లరేగడిలో సున్నము హెచ్చు; వేసిన భాస్వరము సున్నముతో కలిసి గట్టిపడును. వేసిన యేట పైరు గ్రహించునది నూటికి పదునైదు, ఇరువది పాళ్లకు మించదు. ఈ విధముగ ఏటేట పేరుకొని గుంటూరు ప్రాంతపు మిరప, ప్రత్తి చేలలో భాస్వరము అధికమైనదని మట్టి పరీక్షలు తెల్పుచున్నవి. ఇట్టి చేల రైతు ఈ యేడు దుక్కిలో వేయు డి.ఎ.పి.ని తగ్గించినను, కొన్ని చోట్ల పూర్తిగ మానినను పంటకు కొరత రాదు. భాస్వరమును కరిగించు బాక్టీరియాను పెంటతో కలిపి చల్లినచో, గాదెలో నున్న దానినే కొంత వెలికి తీయవచ్చును.

పేరుకొన్న భాస్వరము ఊరకుండిన బాగుండును. అది ఊరకుండదు, జింకును వేరునకు చేరనీయదు. ఆకులు చిన్నవై, ఈనెల నడుమ పసుపుబారి, కణుపులు దగ్గరపడి మొక్క గిడసబారును. రైతు దీనిని తెగులని తలచి మందు కొట్టును. మందునకు లొంగనప్పుడు మరియొక మందు. కావలసినది రెండు మూడు పైరుల కొకసారి ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు దుక్కిలో వేయుట. లేదా లక్షణము కనబడినప్పుడు లీటరు నీటికి రెండు గ్రాముల చొప్పున వారము విడిచి రెండుమూడు సార్లు చల్లుట. జింకు సల్ఫేటును డి.ఎ.పి.తో గాని, సూపరుతో గాని కలిపి వేసినచో రెండును చెడును. రెండుమూడు దినముల యెడము కావలయును.

నత్రజని సంగతి వేరు. భాస్వరము కదలదు, నత్రజని నిలువదు. యూరియాను నల్లరేగడి మీద పైపైన చల్లి విడిచినచో, ఆ నేలల క్షారగుణమువలన కొంతభాగము అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోవును. భారీవర్షము కురిసి నీరు నిలిచినచో మరికొంత నైట్రేటు నేలలోపలికి దిగిపోవును, కొంత వాయువై పోవును. కావున మొక్కకు జానెడు దూరమున గుంట తీసి వేసి మన్ను కప్పవలయును. తేమ యున్నప్పుడే వేయవలయును. వానపడు సూచన లున్నప్పుడు ఒక రెండునాళ్లు ఆగవలయును. బిందుసేద్యము గలవారు నీటితో బాటే కొద్దికొద్దిగా యందించినచో వృథా మరింత తగ్గును.

నత్రజని హెచ్చైనచో చేను నల్లగ నిగనిగలాడుచు చూపరులకు వేడుక గొల్పును. గట్టుమీద నిలిచి మెచ్చుకొనువారికి లోటుండదు. కాని యా నిగారింపు ఆకునకే గాని కాయకు కాదు. కొమ్మ మెత్తబడును, పూత రాలును, కాపు వెనుకబడును. తామర పురుగు, నల్లి మొదలగు రసము పీల్చు జాతులకు మెత్తని యాకే యిష్టము. 2021 నాటి నల్లతామర యుత్పాతమునకు యూరియాయే కారణమని మేమనుట లేదు. అది విదేశము నుండి వచ్చిన పురుగు. మన దేశమున మొదట 2015లో బొప్పాయిపై కనబడినది. కాని నత్రజని మితిమీరిన చేలలో దానిని నిలుపుట మరింత కష్టమని శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. ఎరువునకు పెట్టిన ధనము పురుగునకు మేతయై, ఆ పురుగును చంపుటకు మరల ధనము పెట్టుట మన వ్యవసాయములోని విషవలయము.

యూరియా ఇంతగా వాడుటకు రైతు నొక్కనినే నిందించుట న్యాయము కాదు. 2010వ సంవత్సరమున పోషకముల ననుసరించి రాయితీ నిచ్చు పద్ధతి వచ్చినప్పుడు భాస్వరపు, పొటాష్ ఎరువుల ధరలు పెరిగినవి. యూరియాను మాత్రము ఆ పద్ధతి వెలుపల నుంచి ధరను నిలిపిరి. చౌకయైన వస్తువు హెచ్చుగ వాడబడుట లోకసహజము. 2015 నుండి యూరియా కంతకును వేపనూనె పూత పూయించిరి. అందువలన అది నిదానముగ కరుగును. ఆ మేరకు మోతాదు తగ్గింపవలసినది పోయి, రైతులు వెనుకటి లెక్కనే వేయుచున్నారు.

పొటాష్ గూర్చి రెండు మాటలు చాలును. కాయ రంగునకు, బరువునకు, నిలువకు పొటాష్ ముఖ్యము. నల్లరేగడిలో స్వతస్సిద్ధముగనే పొటాష్ హెచ్చుగ నుండుటచేత ఎఱ్ఱచల్క నేలలలోనే దాని ఫలము స్పష్టముగ కనబడును. ఉప్పునీటి బోర్లు గల చోట మ్యూరియేటునకు బదులు సల్ఫేటు ఆఫ్ పొటాష్ మేలు; ధర హెచ్చైనను కాయ నాణ్యమునకు అది మంచిది. ముదురాకుల ఈనెల నడుమ పసుపు కనబడిన మెగ్నీషియము కొరత. లేతాకులు తెల్లబారిన యినుము కొరత. కాయ కొన క్రుళ్లినచో కాల్షియము చేరలేదని గుర్తు. ఈ కడపటిది నేలలో సున్నము లేక కాదు. ఒకసారి ఎండగట్టి, ఒకసారి ముంచెత్తిన నీటి తడులవలన వచ్చును. దీనికి మందు తడి నియమమే.

ఇచట నొక యప్రియమైన విషయము చెప్పక తప్పదు. మన సభ్యులలోను, ఈ మహాసభకు దాతలైనవారిలోను ఎరువుల యంగళ్లు నడుపు మహాశయులు కలరు. వారిని మేము గౌరవించుచున్నాము. వారి చందాతోనే ఈ పందిరి లేచినది. అయినను, రైతునకు వైద్యుడును, మందుల యంగడివాడును, అప్పిచ్చువాడును ఒక్కడే యైనప్పుడు రోగికి మేలు జరుగుట దుర్లభమని వారును ఒప్పుకొందురని నమ్ముదుము. అంగడికి పోయి ఆకు చూపిన రైతునకు చీటీ మీద అయిదు వస్తువులు వ్రాయబడుచున్నవి. అందు రెండు పేరులేని బలపుమందులు. డబ్బాపై బొమ్మ కలదు, వాగ్దానము కలదు. లోపల నేమున్నదో లేదు. ఇట్టి జీవోత్తేజకములను 2021లో ఎరువుల నియంత్రణ శాసనములోనికి తెచ్చిరి గనుక, నమోదు లేనిదానిని కొనకుండుట కొనువాని హక్కు, అమ్మకుండుట అమ్మువాని ధర్మము. యూరియా బస్తా కావలెనన్న ఈ డబ్బా కూడ కొనవలెనని బలవంతము చేయుట మన కులమువారి యంగళ్లలో జరుగరాదని ఈ సభ తీర్మానించినచో, మన రైతుకుటుంబములకు విద్యానిధి కంటెను పెద్ద సాయము చేసినట్లగును. మా యెదుట వరుసలో కూర్చున్న యిద్దరు వర్తకులు తల యూచుచున్నారు, సంతోషము.

రెండవ యప్రియము భూస్వాములను గూర్చినది. మనలో భూమి గలవారు పలువురు పట్నములలో, విదేశములలో నున్నారు. భూమిని ఏటికేడు కౌలున కిచ్చుచున్నారు. ఈ యేడు ఒకరికి, వచ్చు నేడు హెచ్చు పాట పాడినవారికి. 2019లో ఆంధ్రప్రదేశమున చేసిన సాగుదారుల హక్కుల చట్టము కూడ పదునొకండు నెలల యొప్పందమునకే యేర్పడినది. చెరువుమన్ను తోలినచో దాని బలము మూడు నాలుగేండ్లు నిలుచును. పది టన్నుల పెంటలో ఇంచుమించు 50 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరము, 50 కిలోల పొటాష్ ఉండును. కాని నత్రజనిలో మూడవవంతు మాత్రమే మొదటి యేట పైరున కందును, తక్కినది తరువాతి పైరులకు. పదునొకండు నెలల హక్కు గల కౌలుదారు నాలుగేండ్ల ఫలమిచ్చు మన్నును ఎందులకు తోలును? మరుసటి యేట పాట పాడి వచ్చువాని కొరకా? అతడు బస్తానే నమ్మును; వేసిన పది దినములలో పచ్చదనము చూపునది అదియే గదా. నేల చెడుటకు కౌలుదారు నజ్ఞానమే కారణమని పట్నపు భూస్వాములు వేదికలపై నిందించుట వినుచున్నాము. కారణము వారి కౌలుపత్రములోనే కలదు.

మూడేండ్లకు తగ్గకుండ కౌలునకిచ్చి, మొదటి యేట మన్ను తోలుటకో, పెంట వేయుటకో యగు వ్యయములో సగము భూస్వామి భరించుట న్యాయమని మా మనవి. నేల అతనిది, సారము పెరిగినచో విలువ పెరుగునదియు అతనిదే. మన సంఘములో కొందరు పెద్దలు ఇప్పటికే యిట్లు చేయుచున్నారు. వారి పేరులు చెప్పుటకు వారి యనుమతి లేదు.

పెంట దొరకుట లేదను మాట నిజము. ఇంటింట నాలుగైదు జతల యెద్దులున్న కాలము పోయినది. ట్రాక్టరు పేడ పెట్టదు. కాని దారులు లేకపోలేదు. తొలకరికి జనుము గాని, జీలుగ గాని, పిల్లిపెసర గాని చల్లి, పూతకు వచ్చునప్పుడు కలియదున్నినచో మిరప నాటుటకు వేళ మించదు. నాటు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో గదా. ప్రత్తికట్టెను, మిరపకట్టెను తగులబెట్టుట మాని, ముక్కలుచేసి నేలలో కలిపినను, గోతిలో మ్రగ్గనిచ్చినను కర్బనము మిగులును. తెలంగాణమున 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసి ఆ మన్నును చేలకు తోలుకొనుట కవకాశము కల్పించిరి. చల్క, దుబ్బ నేలలు ఆ మన్నుతో తేమను పట్టుకొను శక్తిని పొందును. నల్లరేగడికి అట్టి మన్ను అంతగా అక్కరలేదు. దానికి కావలసినది పెంట, పచ్చిరొట్ట. ఎండుతెగులు గల చేలకు 90 కిలోల మ్రగ్గిన పెంటలో 10 కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి గోనె కప్పి వారము దినములు నీడ నుంచి, దుక్కిలో చల్లుట మంచిది. అదే చేనిలో ఏటేట మిరపనే వేయువారికి ఏ మందును చాలదు. నడుమ జొన్నయో, మొక్కజొన్నయో, అపరాలో వేయవలయును.

ఇంత చెప్పినను, మా మాటపై ఎవరును ఎరువు మార్చవలదు. ఈ వేదిక నుండి మీ పొలము మాకు కనబడదు. దానిని చూడగలది మట్టి పరీక్ష. నేలసార పత్రముల పథకము 2015 ఫిబ్రవరి 19న రాజస్థానమున సూరత్‌గఢ్‌లో ప్రారంభమైనది. ఆ పత్రము మీలో పలువురి యిండ్లలో నుండవచ్చును. దూలమున దోపబడి యుండవచ్చును. అందు సేంద్రియ కర్బనము 0.5 కంటె తక్కువయున్నచో నేల బీదదని గుర్తు, 0.75 దాటిన బలమైనది. ఉదజని సూచిక 6.5 నుండి 7.5 వరకు మిరపకు హితము. భాస్వరము ‘అధికము’ అని యున్నచో డి.ఎ.పి. బస్తాను అంగడిలోనే విడిచి రావచ్చును. కొన్ని పత్రములలోని యంకెలు నమ్మదగినవి కావని రైతు లనుట కలదు. పలుచేల మట్టిని కలిపి యొక్క నమూనాగా పంపిన చోట్ల అట్లే యగును. అందుచేతనే నమూనా తీయుట పరుల చేతిలో పెట్టరాదు.

మా ప్రార్థన యిది. మన వసతిగృహమున చదువు విద్యార్థులు వేసవి సెలవులకు తమ యూళ్లకు పోవుదురు. ఒక్కొక్కరు తమ గ్రామమున పది చేల మట్టిని తీసి, పరీక్షాశాలకు చేర్చి, వచ్చిన పత్రమును ఆ రైతునకు చదివి వినిపించి, బస్తాల లెక్క కట్టి యీయవలయును. మేము చెప్పిన కూడికలు, తీసివేతలు ఏడవ తరగతి పిల్లవాడు చేయగలవి. దీనికగు దారిఖర్చును, సంచుల ఖర్చును విద్యానిధి నుండి యిచ్చుటకు కార్యవర్గము అంగీకరించినది. నియమములు కొన్ని మాత్రము పాటింపవలయును. పంట కోసిన పిమ్మట, ఎరువు వేయక మునుపు తీయవలయును. గట్ల ప్రక్కను, చెట్ల నీడను, పెంటపోగు లున్న చోటును విడువవలయును. ఎకరమున వంకరటింకరగా పది పండ్రెండు చోట్ల, పైనున్న ఆకు అలములు తొలగించి, ఆరంగుళముల లోతున ‘వి’ ఆకారపు గుంట తీసి, ప్రక్కనుండి పైకి క్రిందికి సమముగ పలుచని పొర గీయవలయును. జింకు మొదలగు సూక్ష్మపోషకములు కూడ పరీక్షింపవలసియున్నచో త్రుప్పుపట్టిన పార వాడరాదు, కర్రపుల్ల మేలు. అన్నిటిని గుడ్డపై కలిపి, నాలుగు భాగములుగా విభజించి, ఎదురెదురు భాగములు రెండు విడిచి, తక్కిన రెంటిని మరల కలిపి, అరకిలో మిగులువరకు అట్లే చేయవలయును. నీడలో ఆరబెట్టవలయును, ఎండలో కాదు. ఎరువుల సంచులలో కట్టరాదు. క్రొత్త గుడ్డసంచులు కార్యాలయమున సిద్ధముగ నున్నవి. మధ్యాహ్న భోజనానంతరము విద్యార్థులు వచ్చి తీసికొని పోవచ్చును. రైతు పేరు, గ్రామము, సర్వే నెంబరు, వెనుకటి పైరు, వేయబోవు పైరు వ్రాసిన చీటీ సంచి లోపల నొకటి, వెలుపల నొకటి యుండవలయును. పెన్సిలుతో వ్రాయుడు, సిరా మట్టి తేమకు చెదరిపోవును.